తాళపుచెవి పోలిక ఎంతవరకు?
రోగరక్షణ కణములు, ఎంజైములు, పెప్టైడులు – ఒక విమర్శ

ఎంజైములను గూర్చి పాఠము చెప్పు ఉపాధ్యాయుడు తాళము, తాళపుచెవి పోలికను వాడకుండుట అరుదు. ఎంజైము తాళము వంటిది. దానిచే మార్పు చెందు పదార్థము తాళపుచెవి వంటిది. ఒకదాని ఆకారమునకు మరొకటి సరిపోయిననే క్రియ జరుగును. జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ 1894లో ఈ పోలికను ప్రవేశపెట్టెను. నిరోధకములను గూర్చి చెప్పవలసి వచ్చినపుడు ఈ పోలికనే మరి కొంత పొడిగింతురు. తాళపు రంధ్రములో దొంగ తాళపుచెవి యొకటి ఇరుక్కొన్నచో అసలు దానికి చోటుండదు. ఎంజైము పని ఆగిపోవును.

ఈ పోలిక తేలికైనది. విద్యార్థికి చిరకాలము గుర్తుండునది. దానిని తప్పనుటకు వీలులేదు. కాని అది ఎంతవరకు చెల్లునో చెప్పక విడిచినచో, విద్యార్థి మనస్సులో "నిరోధము" అను మాటకు ఒకే అర్థము నాటుకొనును: రంధ్రమును మూయుట. శరీరమును రోగముల నుండి కాపాడు కణముల విషయములో ఈ అర్థము చాలదు. ఆ కణములను మేల్కొలుపు ఒకానొక ఎంజైమును మూడు పెప్టైడులు మూడు విధములుగ అడ్డగించును. వానిలో ఒక్కటి మాత్రమే తాళపు రంధ్రములో కూర్చుండును. తక్కిన రెండును ఆ రంధ్రము జోలికే పోవు. అయినను వైద్యమునకు పనికివచ్చినది, అంతకంటె మెరుగైన వైద్యమునకు దారి చూపినది ఆ రెండే.

కణము మేల్కొను విధము

రక్తములోని తెల్లకణములలో లింఫకణములు ఒక జాతి. వానిలో టి-కణములనబడునవి పరాయి మాంసకృత్తుల ముక్కలను గుర్తించు శక్తి కలవి. సాధారణముగ అవి నిద్రించుచున్నట్లుండును. తనకు సరిపడు పరాయి ముక్క మరియొక కణము పైపొర మీద కనబడినపుడు టి-కణము మేల్కొనును. ఈ మేల్కొలుపు ఒక వరుసలో జరుగును. మొదట కణములోపల కాల్షియము అయానుల మోతాదు పెరుగును. ఈ కాల్షియము కాల్‌మాడ్యులిన్ అను చిన్న మాంసకృత్తుతో కలియును. ఆ జంట పోయి కాల్సిన్యూరిన్ అను ఎంజైమును పనికి పురికొల్పును. ఇతర మాంసకృత్తులకు అంటియున్న ఫాస్ఫేటు సమూహములను ఊడదీయుట కాల్సిన్యూరిన్ పని.

కణద్రవములో ఎన్‌ఫాట్ అను మాంసకృత్తు వేచియుండును. దానికి పదికి పైగా ఫాస్ఫేటులు అంటియుండుటచే అది కేంద్రకములోనికి పోజాలదు. కాల్సిన్యూరిన్ వానిని ఊడదీసిన వెంటనే ఎన్‌ఫాట్ కేంద్రకమును చేరి కొన్ని జన్యువులను పని చేయించును. ఇంటర్‌ల్యూకిన్-2 అను మాంసకృత్తు ఇట్లే తయారగును. టి-కణములు పెక్కు రెట్లు పెరుగుటకు అది తోడ్పడును. కాల్షియము తగ్గినచో వేరే ఎంజైములు ఫాస్ఫేటులను మరల తగిలించి ఎన్‌ఫాట్‌ను కేంద్రకము నుండి వెలుపలికి పంపివేయును.

రోగక్రిములు ప్రవేశించినపుడు ఈ మేల్కొలుపు ప్రాణరక్షకము. కాని ఒకరి మూత్రపిండమును వేరొకరికి అమర్చినపుడు టి-కణములు దానిని కూడ పరాయిదని గుర్తించి నాశనము చేయబూనును. అట్టి సమయమున ఈ మేల్కొలుపును అడ్డగింపక తప్పదు. దానిని ఎచ్చట అడ్డగింపవలెను, ఎంతవరకు అడ్డగింపవలెను అనునదే రోగి మంచిచెడ్డలను నిర్ణయించు ప్రశ్న.

మొదటి విధము: ఎంజైము సొంత తోక

కాల్సిన్యూరిన్‌లో రెండు భాగములు కలవు. పెద్ద భాగములో క్రియాస్థానము, అనగా ఫాస్ఫేటును ఊడదీయు చోటు, ఉన్నది. అచ్చట ఒక ఇనుప అయాను, ఒక జింకు అయాను పనిముట్లవలె అమరియుండును. చిన్న భాగము కాల్షియమును పట్టుకొనునది. పెద్ద భాగము చివర ఒక తోక కలదు. కణము నిద్రించుచున్నంత కాలము ఆ తోక మడతపడి వచ్చి క్రియాస్థానమును కప్పియుంచును. కాల్‌మాడ్యులిన్ వచ్చి తగిలినపుడు తోక ప్రక్కకు తొలగును. ఎంజైము పనిలోనికి దిగును.

1990లో హషిమోటో, పెరినో, సోడర్‌లింగ్ అను శాస్త్రజ్ఞులు ఈ తోకలో 25 ఆమినో ఆమ్లముల పొడవు గల పెప్టైడు ఎంజైమును అడ్డగించునని చూపిరి. ఎంజైము తనకు తానే వేసికొను గొళ్లెమును విడదీసి వేరుగ ప్రయోగించినట్లయినది. పాఠ్యపుస్తకములోని పోలిక ఇచ్చట చక్కగ అతుకును. పెప్టైడు రంధ్రములో కూర్చున్నది. తాళము తెరచుకొనుట లేదు.

అయినను ఈ పెప్టైడు ఔషధము కాలేదు. ఇట్టి పొడవైన పెప్టైడు, విద్యుదావేశములు గలది, కణము పైపొరను దాటి లోనికి పోవుట కష్టము. అంతకంటె ముఖ్యమైన కొరత మరొకటి కలదు. క్రియాస్థానము మూసినచో కాల్సిన్యూరిన్ చేయు పనులన్నియు ఒక్కసారిగ నిలిచిపోవును. టి-కణమును నిద్రపుచ్చుట మాత్రమే కావలసినవానికి ఇది అవసరమునకు మించిన నిరోధము.

రెండవ విధము: జంటగ వచ్చు సైక్లోస్పోరిన్

సైక్లోస్పోరిన్ ఒక పెప్టైడే. 11 ఆమినో ఆమ్లములు వలయాకారముగ కలిసిన పదార్థమది. నార్వేలోని హార్డంగర్‌విడ్డా పీఠభూమి మట్టి నుండి వేరుచేసిన ఒక బూజులో ఇది లభించెను. స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున సాండోజ్ సంస్థ పరిశోధనశాలలో దీనికి రోగరక్షణ కణములను అణచు గుణము కలదని 1972లో తెలియవచ్చెను. ఆ పనిలో జాన్ బోరెల్, హార్ట్‌మన్ స్టేహెలిన్ ముఖ్యులు. 1978లో కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ అను శస్త్రవైద్యుడు మూత్రపిండము మార్చిన రోగులకు దీనినిచ్చి చూచెను. 1983లో అమెరికా ప్రభుత్వము దీని వాడుకకు అనుమతించెను. అవయవముల మార్పిడి సాహసకార్యముగ నుండిన స్థితి మారి, నిత్యవైద్యములో చేరుటకు ఈ మందు కారణములలో ఒకటి.

సామాన్యముగ పెప్టైడును మ్రింగినచో జీర్ణరసములు దానిని ముక్కలు చేయును. సైక్లోస్పోరిన్ అట్లు కాకుండుటకు దాని నిర్మాణమే కారణము. అది వలయము కావున కొసలు లేవు. దాని 11 పెప్టైడు బంధములలో ఏడింటియందు నత్రజనికి మిథైల్ సమూహములు తగిలియున్నవి. అందుచే అది జీర్ణరసములకు లొంగక, కణముల పైపొరను దాటగలుగుచున్నది.

ఇది పనిచేయు తీరు తెలిసికొన్న చరిత్రలో విద్యార్థులు తప్పక వినదగిన మలుపు ఒకటి ఉన్నది. 1984లో సైక్లోస్పోరిన్ అంటిపట్టుకొను మాంసకృత్తు దొరికెను. దానికి సైక్లోఫిలిన్ అని పేరిడిరి. 1989లో రెండు పరిశోధక బృందములు సైక్లోఫిలిన్ కూడ ఒక ఎంజైమని కనుగొనిరి. మాంసకృత్తులు మడతపడునపుడు ప్రోలిన్ అను ఆమినో ఆమ్లమువద్ద బంధమును త్రిప్పుట దాని పని. సైక్లోస్పోరిన్ సరిగ దాని క్రియాస్థానములోనే కూర్చుండి ఆ పనిని ఆపుచున్నది. తాళము దొరికినది, దొంగ తాళపుచెవియు దొరికినది. కథ ముగిసినట్లే తోచెను.

కాని కథ ముగియలేదు. ఆ త్రిప్పుడు పనిని ఆపియు టి-కణములను ఏమాత్రమును అణచజాలని పదార్థములు బయటపడెను. అంతేకాక, సైక్లోఫిలిన్ కణములో సమృద్ధిగ ఉండునది. దానినంతటిని ఆపుటకు చాలనంత కొద్ది మందుతోనే టి-కణములు అణగిపోవుచుండెను. ఒక ఎంజైము నిరోధింపబడుట నిజమే; కాని ఫలితమునకు కారణము అది కాదు. రెండు విషయములు ఒకచోట కనబడినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని నిశ్చయింపరాదని తర్కశాస్త్రము చెప్పు మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము జీవశాస్త్రములో దొరకుట కష్టము.

అసలు సంగతి 1991లో తేలెను. అమెరికాలో స్టువర్ట్ ష్రైబర్ ప్రభృతులు, సైక్లోస్పోరిన్ ఒంటరిగ కాల్సిన్యూరిన్‌ను పట్టుకొనదనియు, సైక్లోఫిలిన్ కూడ ఒంటరిగ పట్టుకొనదనియు, రెండును కలిసిన జంట మాత్రము గట్టిగ పట్టుకొని అడ్డగించుననియు చూపిరి. అదే ప్రయోగములో మరొక విశేషము కనబడెను. ఈ జంట పట్టుకొనియున్నను, పారా-నైట్రోఫినైల్ ఫాస్ఫేటు అను చిన్న పదార్థము నుండి కాల్సిన్యూరిన్ ఫాస్ఫేటును ఎప్పటివలెనే ఊడదీయగలుగుచుండెను! అనగా క్రియాస్థానము తెరచియే ఉన్నది. తాళపు రంధ్రములో ఏమియు ఇరుక్కొనలేదు. 2002లో ఎక్స్-కిరణములతో ఈ మూడింటి కలయిక రూపమును తెలిసికొన్నపుడు, జంట క్రియాస్థానమునకు ప్రక్కన కూర్చుండునని రూఢియయ్యెను. ఎన్‌ఫాట్ వంటి పెద్ద మాంసకృత్తులు క్రియాస్థానమును చేరుటకు ముందు ఆనుకొనవలసిన గాడి ఒకటి అచ్చటనే ఉన్నట్లు తరువాతి పరిశోధనలు వెల్లడించెను.

తాళమును విడిచి ధాన్యపు మరను తలచుకొనినచో ఇది తేటపడును. మర నోటిలో రాయి పడినచో మర ఆగును. ఇది మొదటి విధము. మర నోరు శుభ్రముగనే యున్నది, చక్రములు తిరుగుచున్నవి, కాని వాకిట ఒక పెద్ద బండి అడ్డముగ నిలిచినది. గుప్పెడు వడ్లు చేత పట్టుకొని వచ్చినవాడు ప్రక్కనుండి దూరి ఆడించుకొని పోవును, బస్తాల బండి మాత్రము లోనికి రాజాలదు. ఇది రెండవ విధము.

మందుకు చెల్లించు మూల్యము

వాకిలి అడ్డగించుట వలన ఒక బండియే ఆగదు. ఆ దారిని వచ్చు బండ్లన్నియు ఆగును. కాల్సిన్యూరిన్ టి-కణములకే పరిమితమైనది కాదు. 1979లో క్లాడ్ క్లీ మొదలగువారు దానికా పేరు పెట్టినది కాల్షియముతోను, నాడీమండలముతోను దానికి గల సంబంధమును బట్టియే. మెదడులో అది సమృద్ధిగ ఉండును. మూత్రపిండములలోను, ఇతర అవయవములలోను దానికి పనులు కలవు. అందుచే సైక్లోస్పోరిన్ వాడువారిలో రక్తపు పోటు హెచ్చుట, చేతులు వణకుట, మూత్రపిండములు దెబ్బతినుట కనబడుచున్నవి. అమర్చిన మూత్రపిండమును కాపాడుటకిచ్చు మందే మూత్రపిండమునకు హాని చేయుట ఈ వైద్యములోని విషాదము. అందుకే వైద్యులు రక్తములో ఈ మందు మోతాదును తరచుగ పరీక్షింతురు.

జపానులో 1984లో కనుగొనిన టాక్రోలిమస్ పెప్టైడు కాదు. అది పట్టుకొను మాంసకృత్తు కూడ వేరు. కాని ఆ జంట కూడ కాల్సిన్యూరిన్‌నే అడ్డగించును. దాని వలనను మూత్రపిండములకు హాని కలుగును. రెండు వేరు వేరు పదార్థములు ఒకే హానిని కలిగించుటను బట్టి, దోషము చాలవరకు మందు నిర్మాణములో కాక, అడ్డగించిన చోటులోనే ఉన్నదని ఊహించుట సమంజసము.

మూడవ విధము: కట్టుగొయ్యను ఆక్రమించు వివిట్

ఇచ్చట ఒక కొత్త ప్రశ్న పుట్టెను. కాల్సిన్యూరిన్‌ను తన పని తాను చేసికొననిచ్చి, ఎన్‌ఫాట్‌ను మాత్రము దాని దరికి రానీయకుండ చేయవచ్చునా? బోస్టన్ నగరమున అంజనా రావు, పాట్రిక్ హోగన్, హోసే అరంబురు మొదలగువారు ఈ ప్రశ్నను చేపట్టిరి. ఎన్‌ఫాట్‌లో, ఫాస్ఫేటులకు దూరముగ, కాల్సిన్యూరిన్‌ను పట్టుకొనుటకే ఏర్పడిన చిన్న భాగమొకటి కలదని వారు కనుగొనిరి. బండి మరవద్ద నిలుచుటకు ఒక కట్టుగొయ్య ఉన్నట్లు, ఎంజైముపై ఈ భాగమునకు సరిపడు గాడి కలదు. అది క్రియాస్థానము కాదు. పైన చెప్పిన రెండవ గాడియు కాదు.

ఎన్‌ఫాట్ సహజముగ ఈ గాడిని పట్టుకొను పట్టు చాల బలహీనమైనది. పరిశోధకులు అనేక పెప్టైడులను కలిపి పరీక్షించి, వానిలో గట్టిగ అంటుకొనువానిని ఏరి, 16 ఆమినో ఆమ్లముల పెప్టైడు నొకదానిని 1999లో ప్రకటించిరి. అందులో వాలీన్, ఐసోల్యూసీన్, వాలీన్, ఐసోల్యూసీన్, త్రియోనీన్ అను ఐదు వరుసగ వచ్చును. ఆమినో ఆమ్లములకు శాస్త్రజ్ఞులు వాడు ఒంటి అక్షరములను కూర్చి చదివినచో "వివిట్" అగును. ఆ పేరే నిలిచిపోయెను. వివిట్ ఉన్నపుడు ఎన్‌ఫాట్ కేంద్రకమును చేరలేదు. అయినను కాల్సిన్యూరిన్ తన క్రియాశక్తిని కోల్పోలేదు.

మానవుడు కనిపెట్టిన ఈ ఉపాయమును ప్రకృతి ఎప్పుడో వాడుకొన్నది. పందులకు సోకు ఆఫ్రికా స్వైన్ ఫీవర్ వైరసు తయారుచేయు ఒక మాంసకృత్తు కాల్సిన్యూరిన్‌ను అడ్డగించునని 1998లో తెలిసెను. 2013లో దాని రూపము తెలిసినపుడు, అది ఎంజైముపైనున్న రెండు గాడులను ఆక్రమించి, క్రియాస్థానమును మాత్రము ముట్టకుండ విడిచిపెట్టుట కనబడెను.

వివిట్: గుణదోషములు

1999 నాటి పరిశోధనలో మెచ్చదగినది పెప్టైడు మాత్రమే కాదు. దానిని పరీక్షించిన తీరు. టి-కణములు తయారుచేయు కొన్ని పదార్థములకు కాల్సిన్యూరిన్ మాత్రమే కాక ఎన్‌ఫాట్ కూడ కావలెను. మరికొన్నింటికి కాల్సిన్యూరిన్ కావలెను గాని ఎన్‌ఫాట్ అక్కరలేదు. వివిట్ మొదటి తరగతిని ఆపినది, రెండవ తరగతిని ఆపలేదు. సైక్లోస్పోరిన్ రెండింటిని ఆపును. ఏది ఆగినదో చూచుటతో తృప్తిపడక, ఏది ఆగకుండ ఉన్నదో కూడ చూచుట వలననే ఈ ఫలితమునకు విలువ వచ్చినది.

అయినను దీనిని గూర్చి చెప్పు మాటలలో కొంత అతిశయోక్తి చేరినది. సైక్లోస్పోరిన్ కంటె ఎక్కువ విచక్షణ గలదని కనుగొన్నవారు చెప్పిరి. ఎన్‌ఫాట్‌ను తప్ప దేనిని ముట్టనిదన్నట్లుగ తరువాత పలువురు వ్రాసిరి. ఈ రెండు మాటలు ఒకటి కావు. ఆ కట్టుగొయ్య ఎన్‌ఫాట్ ఒక్కదానికై నాటినది కాదు. నాడీకణములలో కాల్సిన్యూరిన్‌ను తగిన తావున నిలిపియుంచు ఏకాప్-79 అను మాంసకృత్తు కూడ ఆ గాడినే వాడుకొనును. ఇట్టివి ఇంకను కలవు. కావున వివిట్ వానికిని పోటీ రాగలదు. పైగా ఎన్‌ఫాట్ కూడ టి-కణముల సొత్తు కాదు. గర్భస్థ శిశువు గుండె కవాటములు ఏర్పడుటకును, ఎముకను అరగదీయు కణములు తయారగుటకును ఆ జాతి మాంసకృత్తులు కావలెను. ఎన్‌ఫాట్‌ను ఎంత నిర్దుష్టముగ ఆపినను, రోగరక్షణ కణములొక్కటే ఆగునని చెప్పుటకు వీలులేదు.

రెండవ కొరత ఆచరణకు సంబంధించినది. మొదటి ప్రయోగములలో వివిట్‌ను తయారుచేయు జన్యువును కణములలోనికి పంపి, పెప్టైడు అచ్చటనే పుట్టునట్లు చేసిరి. 2004లో జపాను శాస్త్రజ్ఞులు దానికి 11 ఆర్జినీనుల తోకను తగిలించి కణములలోనికి దూరునట్లు చేసి, ఎలుకలలో ఇన్సులిన్ కణముల మార్పిడికి వాడి మంచి ఫలితమును పొందిరి. కాని వివిట్ సైక్లోస్పోరిన్ వలె ఆసుపత్రికి చేరలేదు. పరిశోధనశాలలో పనిముట్టుగనే మిగిలినది. వలయాకారము, మిథైల్ సమూహములు సైక్లోస్పోరిన్‌కు ఇచ్చిన రక్షణ ఈ సూటియైన పెప్టైడుకు లేదు. విచక్షణ గలది నిలువలేదు. నిలిచినది విచక్షణ లేనిది. పెప్టైడులు ప్రకృతిసిద్ధములు గనుక హాని చేయవను ప్రచారమును నమ్మువారు సైక్లోస్పోరిన్ కథను ఒకసారి చదువుట మేలు. హాని, మేలు అనునవి పదార్థపు జాతిని బట్టి రావు; అది ఎచ్చట తగులునో, ఏ మోతాదులో తగులునో దానిని బట్టి వచ్చును.

బలహీనమైన పట్టులోని బలము

వివిట్ కథలో మరొక పాఠము కలదు. తాళపుచెవి పోలికను బట్టి చూచినచో ఎంత బిగువుగ సరిపోయిన అంత మంచిదని తోచును. కాని ఎన్‌ఫాట్ పట్టు బలహీనముగ ఉండుట లోపము కాదు, అవసరము. ఎన్‌ఫాట్‌లోని ఆ భాగమును తీసివేసి వివిట్ వరుసను అమర్చిచూచినపుడు, కణము మేల్కొనక ముందే ఎన్‌ఫాట్ కొంత కేంద్రకమును చేరుచుండెను. పట్టు వదులుగ ఉన్నందుననే కాల్షియము పెరిగినపుడు మాత్రమే కణము మేల్కొనుచున్నది, తగ్గినపుడు మరల నిద్రించుచున్నది. బిగువైన పట్టు నిరోధకమునకు గుణము. అదే సహజమైన మాంసకృత్తునకు దోషము.

పాఠమునకు చేర్పదగినవి

ఫిషర్ పోలికను తరగతి నుండి వెళ్లగొట్టవలెనని దీని భావము కాదు. దానిని మొదటి మెట్టుగ ఉంచి, రెండవ మెట్టును చూపవలెను. ధాన్యపు మర పోలికకు కూడ హద్దులు కలవు: మర చలనము లేని కట్టడము, ఎంజైము కదలుచు, ఆకారమును మార్చుకొనుచు ఉండును. ఏ పోలిక చెప్పినను అది ఆగిపోవు చోటు కూడ చెప్పినపుడే పాఠము పూర్తియగును.

ఒక పదార్థము ఒక ఎంజైమును నిరోధించునని విన్నపుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేయ నేర్చుకొనవలెను. అది ఎంజైములో ఏ తావును పట్టుకొనుచున్నది? ఒంటరిగ పట్టుకొనుచున్నదా, మరొకదాని తోడుతోనా? దాని వలన ఏ పని ఆగినది, ఏ పని ఆగలేదు? మొదటి ప్రశ్న వేయనిచో సైక్లోస్పోరిన్ కాల్సిన్యూరిన్ రంధ్రమును మూయుచున్నదనుకొందురు. రెండవది వేయనిచో 1989 నాటి ఊహయే సత్యమని నమ్ముదురు. మూడవది వేయనిచో, రోగి మూత్రపిండము ఎందుకు దెబ్బతినుచున్నదో ఎన్నటికిని అర్థము కాదు. ఎంజైము అధ్యాయము ముగించు రోజున ఈ మూడు ప్రశ్నలను నల్లబల్లపై వ్రాసి, పైన చెప్పిన మూడు పెప్టైడులకును విద్యార్థుల చేతనే సమాధానములు చెప్పించినచో, ఆ గంట వృథా కాదు.